రోడ్డు పక్క చెట్టు ఎవరిది? కొట్టాలంటే ఎవరి అనుమతి, బదులు నాటిన మొక్కకు ఎవరి పూచీ?

మొన్న రైతు వేదికలో సమావేశం అయిపోయి అందరూ లేస్తుంటే ఒక పత్తి రైతు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "సార్, మా చేనుకు ఆనుకొని రోడ్డు మీద రెండు వేప చెట్లున్నయి. నీడకు మూడు సాళ్లు దండుగ పోతున్నయి. ఎండకాలంల కొట్టేస్తే ఏమైతది?"

ఆయన అడిగి మంచి పని చేశాడు. అడగకుండా మొదట్లో చెత్త పోగేసి నిప్పు పెట్టేవాళ్లు, బెరడు వలిచి వదిలేసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఇంకోవైపు రోడ్డు వెడల్పు పేరుతో, కరెంటు తీగల పేరుతో చెట్లు పోతుంటే "ఇదేమిటి" అని అడిగే హక్కు తమకుందని తెలియని రైతులూ ఉన్నారు. ఈ ఇద్దరికీ ఉపయోగపడేలా పంచాయతీ, ప్రభుత్వ భూముల్లోని చెట్లకు సంబంధించిన నిబంధనలు ఏమిటి, అవి ఎక్కడ పనిచేస్తున్నాయి, ఎక్కడ కాగితాల మీదే ఆగిపోతున్నాయి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా తెలంగాణ గ్రామాలకు వర్తిస్తుంది. వాల్టా చట్టం గురించిన భాగం ఆంధ్రప్రదేశ్ రైతులకూ పనికొస్తుంది.

ముందే ఒక మాట. చెట్టు కొట్టడానికి అనుమతి ఒక్క కాగితంతో వస్తుంది. దాని బదులు పెట్టిన మొక్క నీడ ఇచ్చే చెట్టు కావడానికి కనీసం ఎనిమిది, పదేళ్లు పడుతుంది. మన నిబంధనల్లో ఆ కాగితం సంగతి స్పష్టంగానే ఉంది. ఆ పదేళ్ల పూచీ ఎవరిదన్న దగ్గరే లెక్క తప్పుతోంది. దాన్ని సరిచేయగలిగేది గ్రామసభ. అందులో కూర్చునేది మీరే.

చెట్టు ఎవరిది?

చెట్టు ఏ భూమిలో ఉందో ఆ భూమి ఎవరిదో ముందు తేల్చుకోవాలి.

• ఊరి లోపలి వీధులు, పంచాయతీ రోడ్లు, బడి, శ్మశానవాటిక, పల్లె ప్రకృతి వనం, గ్రామ కంఠంలోని ఖాళీ స్థలాల్లో ఉన్న చెట్లు చూసుకోవాల్సింది గ్రామ పంచాయతీ.
• మండల కేంద్రానికి, జిల్లా కేంద్రానికి వెళ్లే పెద్ద రోడ్ల పక్క చెట్లు ఆ రోడ్డు ఏ శాఖదైతే ఆ శాఖవి. పంచాయతీరాజ్, రోడ్లు భవనాల శాఖ, జాతీయ రహదారుల సంస్థ – మూడింట్లో ఏదో ఒకటి అవుతుంది.
• చెరువు కట్ట, కాలువ గట్ల మీద చెట్లు నీటిపారుదల శాఖ పరిధిలోవి.
• తాటి, ఈత చెట్లు ఎక్కడున్నా ఎక్సైజ్ శాఖను అడగకుండా కొట్టకూడదు. వాటి మీద గీత కార్మికుల బతుకు ఆధారపడి ఉంది.

మీ పొలం గట్టుకూ రోడ్డుకూ మధ్య ఉన్న చెట్టు ఎవరిదో అనుమానం వస్తే సర్వేయర్ కొలత తర్వాతే మాట్లాడండి. "మా తాత నాటిండు" అన్న మాట నిజమే కావచ్చు. కానీ భూమి రోడ్డుదైతే చెట్టు కూడా రోడ్డుదే. గాలివానకు పడిపోయిన చెట్టు కలప కూడా అంతే. ముందు వచ్చినవాడు రంపంతో కోసుకుపోవడానికి వీల్లేదు. వేలం వేసి ఆ సొమ్ము పంచాయతీకి, లేదా ఆ శాఖకు జమ కావాలి.

వాల్టా చట్టం ఏమంటోంది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. దాన్నే అందరం వాల్టా అంటాం. 2004లో నియమాలు వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. బోరు వేయడానికి అనుమతి కోసం చాలామంది రైతులకు ఈ పేరు తెలుసు. చెట్లకు కూడా ఇదే చట్టం అన్నది తక్కువమందికి తెలుసు.

దీని ప్రకారం ప్రభుత్వ భూమిలోనే కాదు, సొంత భూమిలోని చెట్టు కొట్టాలన్నా ముందస్తు అనుమతి ఉండాలి. జామాయిల్, సరుగుడు, సుబాబుల్ లాంటి, పంటగా వేసే చెట్లకు సడలింపులున్నాయి. వేప, చింత, మర్రి, రావి, మద్ది, మామిడి లాంటివి కొట్టే ముందు అటవీ శాఖ రేంజ్ కార్యాలయంలో అడిగి తీరాలి. దరఖాస్తు మీసేవలో పెట్టాలా, నేరుగా ఇవ్వాలా అన్నదీ అక్కడే చెబుతారు. అనుమతి వస్తే, కొట్టిన చెట్టుకు బదులు మొక్కలు నాటాలన్న షరతు కూడా వస్తుంది. ఎన్ని మొక్కలు, ఎంత గడువులో అన్నది అనుమతి పత్రంలో చదివి తెలుసుకోండి. చాలామంది ఆ కాగితాన్ని లారీ డ్రైవరుకు చూపించడానికే వాడుతున్నారు. అందులో రాసిన షరతు మాత్రం ఎవరూ చదవడం లేదు.

అనుమతి లేకుండా కొడితే జరిమానా పడుతుందా? పడుతుంది. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని సైదాబాద్‌లో ఇల్లు కట్టడానికి అడ్డమని ఒకాయన దాదాపు 40 ఏళ్ల వేప చెట్టును రాత్రిపూట కొట్టించాడు. పక్కనే ఉండే ఎనిమిదో తరగతి పిల్లవాడు అటవీ శాఖకు ఫోన్ చేసి చెప్పాడు. అధికారులు వచ్చి చూసి రూ.62,075 జరిమానా వేశారు. పెద్దవాళ్లు చూసి ఊరుకున్న చోట ఒక పిల్లవాడు ఫోన్ చేశాడు. ఫిర్యాదు చేయడానికి పదవి గానీ పలుకుబడి గానీ అక్కర్లేదని ఈ సంఘటన చెబుతోంది.

2025 మార్చిలో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో తాజ్‌మహల్ పరిరక్షణ ప్రాంత పరిధిలో అనుమతి లేకుండా 454 చెట్లు కొట్టిన కేసులో చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా ఖరారు చేసింది. ఆ చెట్లు ఇచ్చిన పచ్చదనం మళ్లీ రావాలంటే కనీసం వందేళ్లు పడుతుందని వ్యాఖ్యానించింది. ఆ ప్రాంతానికి ప్రత్యేక ఆంక్షలున్న మాట నిజమే. అయినా చెట్టు విలువ దాని కట్టెల ధర మాత్రమే కాదన్న సూత్రం మనకూ వర్తిస్తుంది.

బదులు మొక్కకు పూచీ ఎవరిది?

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ఈ విషయంలో చాలా చట్టాల కంటే ముందుంది. అందులో రైతులు గుర్తుపెట్టుకోవాల్సినవి నాలుగు.

1. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్‌గా పక్కన పెట్టాలి. ఏడాదికి 20 లక్షల బడ్జెట్ ఉన్న పంచాయతీలో 2 లక్షలు మొక్కలకే ఖర్చు కావాలి.
2. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలి. ఆ బాధ్యత సర్పంచ్ మీద, పంచాయతీ కార్యదర్శి మీద ఉంది. వార్డు సభ్యులకు తమ వార్డు మొక్కల బాధ్యత ఉంది. నిర్లక్ష్యం చేస్తే చర్యలు తీసుకోవచ్చు.
3. ఊరికో నర్సరీ ఉండాలి. మొక్కల సంరక్షణకు గ్రామస్తులతో స్థాయీ సంఘం ఉండాలి.
4. రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరగాలి. మొక్కల లెక్క అక్కడ అడగొచ్చు.

పట్టణాలకు కూడా 2019 పురపాలక చట్టంలో ఇదే 10 శాతం, 85 శాతం నియమాలున్నాయి. 2015 జులైలో మొదలైన హరితహారం కార్యక్రమం, ఇప్పుడు వన మహోత్సవం పేరుతో జరుగుతున్న నాటడం, వీటికి తోడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. "ఎన్ని నాటారు" అని కాకుండా "ఎన్ని బతికాయి" అని చట్టమే అడుగుతోంది. ఇంత సూటిగా అడిగే నిబంధన ఉండి కూడా, కొన్ని రోడ్ల మీద ప్రతి వానాకాలం అవే గుంతలు ఎందుకు కనిపిస్తున్నాయి?

లెక్క ఎక్కడ తప్పుతోంది?

మొదటిది, అదే గుంతలో మళ్లీ మళ్లీ నాటడం. పోయిన ఏడాది మొక్క ఎండిపోతే ఈ ఏడాది అదే గుంతలో ఇంకోటి పెడతారు. పెట్టడం తప్పు కాదు, పెట్టాల్సిందే. కానీ రిజిస్టర్‌లో అది కొత్త మొక్కగా ఎక్కుతుంది. మూడేళ్లలో ఒక గుంత మూడు మొక్కలుగా లెక్కకు వస్తుంది. రోడ్డు మీద చూస్తే నడుమెత్తు మొక్క ఒకటే ఉంటుంది, అదీ ఉంటే. బతికిన శాతం కూడా నాటిన కొన్ని నెలలకే, వానలు ఉన్నప్పుడే లెక్కిస్తే ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. మే నెలలో లెక్కిస్తే నిజం బయటపడుతుంది.

రెండోది, అడిగేవాళ్లు లేకపోవడం. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసింది. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఒక్కో అధికారికి సొంత పనితో పాటు కొన్ని ఊళ్ల భారం పడింది. ఎన్నికైన పాలకవర్గం లేక కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగడంతో ట్యాంకర్ డీజిల్‌కు కూడా ఇబ్బంది పడిన పంచాయతీలున్నాయి. 2025 డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గాలు వచ్చాయి. పాత మొక్కల బాధ్యత ఎవరిదన్న వాదనకు దిగకుండా, ఈ రోజు ఉన్న మొక్కలు ఎన్ని అని కొత్త పాలకవర్గం ఒకసారి లెక్క తీసి రాసిపెట్టుకోవాలి. ఆ లెక్క లేకుండా వచ్చే ఏడాది 85 శాతం దేనిమీద కడతారు?

మూడోది, కూలీల డబ్బు. ఇప్పటిదాకా నర్సరీ పని, గుంతలు తీయడం, నీళ్లు పోయడం చాలావరకు ఉపాధి హామీ పనుల్లో జరిగేవి. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఏడాదికి 125 రోజుల పని అంటోంది. ఖర్చులో రాష్ట్రం వాటా మన లాంటి రాష్ట్రాలకు 40 శాతం. విత్తే కాలం, కోతల కాలం కలిపి 60 రోజులు పనులు ఆపే నిబంధన కూడా ఉంది. వ్యవసాయ పనులకు కూలీలు దొరకాలన్న ఉద్దేశం రైతుకు మంచిదే. కానీ పత్తి గింజ వేసే రోజులూ మొక్క నాటే రోజులూ ఒకటే. అందుకని గుంతలు తీయడం, ముళ్ల కంచె కట్టడం లాంటి పనులు వానలకు ముందే ముగించుకోవాలి. మీ మండలంలో ఈ పనులు ఇకపై ఏ పద్దు కింద జరుగుతాయో మండల పరిషత్ కార్యాలయంలో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. జూన్‌లో అడిగితే ఆలస్యమైపోతుంది.

ట్యాంకర్ మోయగలిగినన్ని మొక్కలే నాటాలి

మొక్కలు చనిపోయేది ఎక్కువగా నీళ్లు లేక. కాబట్టి నాటే ముందు నీళ్ల లెక్క వేయాలి. ఇది మనం బోరు నీటికి తగ్గట్టు యాసంగి వరి విస్తీర్ణం నిర్ణయించుకోవడం లాంటిదే.

ఎండాకాలంలో రోడ్డు పక్క మొక్కకు వారానికి ఒకసారి 15 లీటర్లు పోయాలనుకుందాం. 400 మొక్కలకు 6,000 లీటర్లు కావాలి. పంచాయతీ ట్యాంకర్‌లో 3,000 లీటర్లు పడితే వారానికి రెండు ట్రిప్పులు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా 20 వారాలకు 40 ట్రిప్పులు. ఇది చేయగలిగిన పనే.

అదే లక్ష్యం పేరుతో 2,000 మొక్కలు నాటితే వారానికి 30,000 లీటర్లు, పది ట్రిప్పులు. 20 వారాలకు 200 ట్రిప్పులు. అదే ట్రాక్టర్ చెత్త సేకరణకూ వెళ్లాలి. ఏ ఊరి ట్రాక్టరూ ఇది మోయలేదు. ఫలితంగా అన్నిటికీ కాస్త కాస్త పోసి, ఏదీ బతకని పరిస్థితి వస్తుంది. 2,000 నాటి 300 దక్కించుకోవడం కంటే 400 నాటి 340 దక్కించుకోవడం మేలు. ఆ 340 అంటే సరిగ్గా 85 శాతం. మొక్కకు మొదటి రెండు, మూడు ఎండాకాలాలు దాటిస్తే చాలు, వేప, కానుగ లాంటివి తర్వాత తమ బతుకు తాము చూసుకుంటాయి.

పెద్ద చెట్టుకు మొక్క బదులు కాదు

హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్లే జాతీయ రహదారి మర్రి చెట్ల సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా దాదాపు 46 కిలోమీటర్లలో సుమారు 900 మర్రి చెట్లున్నాయి. రోడ్డును నాలుగు వరుసలు చేయాలన్న ప్రతిపాదన రాగానే వాటి కోసం కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్లు గడిచాయి. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. చెట్ల కోసం ఆపబట్టే ప్రాణాలు పోయాయని కొందరు, రోడ్డు నమూనా మొదటే సరిగా గీయకపోవడం వల్లనేనని కొందరు వాదించుకున్నారు.

ఆ ప్రమాదంలో పోయినవాళ్లలో మన పల్లెల నుంచి చదువుకోను, పని చేసుకోను పోతున్నవాళ్లు ఉన్నారు. రోడ్డు కావాలి, సందేహం లేదు. అయితే ఈ గొడవ నుంచి ఊళ్లకు ఒక పాఠం ఉంది. చెట్ల సంగతి రోడ్డు గీత గీసేటప్పుడే మాట్లాడాలి. టెండరు అయిపోయి జేసీబీ వచ్చాక మాట్లాడితే చెట్టూ నిలవదు, రోడ్డూ త్వరగా పూర్తికాదు. మీ ఊరి రోడ్డుకు సర్వే రాళ్లు పాతే రోజే గ్రామసభ తీర్మానంలో మూడు సంగతులు రాయించండి: ఒకవైపు వరుసను ఉంచి రెండోవైపు వెడల్పు చేయడం కుదురుతుందా, మధ్యలో విభాగినిగా ఉంచగలిగే చెట్లు ఏవి, తరలించగలిగేవి ఎన్ని.

చెట్టును తరలించడం అంటే పెకిలించి లారీ ఎక్కించడం కాదు. మర్రి, రావి, జువ్వి జాతి చెట్లు తరలింపును బాగా తట్టుకుంటాయి. చింత, మామిడి ముసలి చెట్లకు కష్టం. ముందుగా కొన్ని నెలల పాటు దశలవారీగా చుట్టూ కందకం తీసి వేళ్లు కత్తిరించాలి. కోసిన చోట కొత్త పీచు వేళ్లు రావాలి. కొమ్మలు తగ్గించి, మట్టి గడ్డ చెదరకుండా గోనెతో చుట్టి తరలించాలి. నాటాక కనీసం రెండు ఎండాకాలాలు నీళ్లు పోయాలి. కాంట్రాక్టర్ ఒప్పందంలో ఈ రెండో భాగం లేకపోతే తరలించిన చెట్టు మోడుగా నిలబడుతుంది. అక్కడికి అది కొట్టినట్టే.

ఎండినట్టు కనిపించిన ప్రతి చెట్టూ చచ్చినట్టు కాదని కూడా గుర్తుంచుకోండి. 2021 చివర్లో రాష్ట్రమంతా వేప చెట్లకు కొమ్మ ఎండు తెగులు సోకి చిగుళ్లు మాడిపోయాయి. వేప జాతే అంతరించిపోతుందని భయపడి, "ఎట్లాగూ ఎండింది" అని కొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఓపిక పట్టిన ఊళ్లలో చాలా చెట్లు తర్వాతి కాలంలో మళ్లీ చిగురించాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పట్టి 2017లో పెద్ద కొమ్మ విరిగింది. 2018లో సెలైన్ సీసాల్లో చెద మందు నింపి చుక్కలు చుక్కలుగా ఎక్కించి ఆ చెట్టును నిలబెట్టారు. మీ ఊరి చెట్టు ఎండినట్టుంటే బెరడును గోరుతో గీరి చూడండి. కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఒక వానాకాలం ఆగండి.

ఏ మొక్క, ఎలా నాటాలి?

• పెద్ద రోడ్ల పక్క వేప, కానుగ, చింత, నేరేడు, రావి మంచివి. కానుగ ఆకును పశువులు, మేకలు అంతగా ముట్టవు. కంచె కష్టమైన చోట అది మేలు.
• చింత నెమ్మదిగా పెరిగినా తర్వాత కాయ వేలంతో పంచాయతీకి ఏటా ఆదాయం ఇస్తుంది.
• కరెంటు తీగల కింద పెద్ద చెట్ల జాతులు వద్దు. గన్నేరు, నందివర్ధనం, కరివేపాకు లాంటి పొట్టివి పెట్టండి. తీగల కింద రావి నాటి, పదేళ్ల తర్వాత తల నరకడం దండుగ పని.
• కోనోకార్పస్ వద్దు. తొందరగా పచ్చగా కనిపిస్తుందని కొన్నేళ్లు విరివిగా నాటారు. వేళ్లు పైపులైన్లు, కాలువల్లోకి పోవడం, పుప్పొడితో ఇబ్బందులపై ఫిర్యాదులు వచ్చి, దాన్ని నాటవద్దని ప్రభుత్వమే చెప్పింది.
• రోడ్డు పక్కకు కనీసం మనిషి భుజం ఎత్తు మొక్కలే తీసుకోండి. జానెడు మొక్క పెడితే గడ్డి కోసేవాడి కొడవలికే పోతుంది.
• గుంత రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. పై మట్టిలో 10 కిలోల చివికిన పశువుల ఎరువు, చెద ఉన్న నేలలో అర కిలో వేప పిండి కలపండి.
• సంచిని పూర్తిగా చించి తీసేయండి. అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ చుట్టను కత్తిరించి నాటండి. లేదంటే అయిదారేళ్లకు గాలికి పడిపోతుంది.
• వేప, కానుగకు 5 నుంచి 6 మీటర్లు, చింత, రావికి 10 మీటర్ల దూరం ఇవ్వండి.

పొలం మీద నీడ పడితే ఏం చేయాలి?

ఇప్పుడు మొదట అడిగిన పత్తి రైతు ప్రశ్నకు వద్దాం. ఆయన నష్టం నిజమే. పత్తికి ఎండ కావాలి. నీడలో మొక్క పొడుగ్గా సాగి పూత రాలుతుంది. దాన్ని కాదనకూడదు. కానీ చెట్టు తీసేయక ముందు చేయగలిగినవి ఉన్నాయి.

ఒకటి, కింది కొమ్మలు తీయించడం. పంచాయతీకి, లేదా రోడ్డు శాఖకు దరఖాస్తు ఇచ్చి, పొలం వైపు కింది కొమ్మలు మాత్రమే, మొదలు దగ్గర బెరడు చీలకుండా రంపంతో కోయించండి. తల నరకనివ్వకండి. రెండు, వేళ్ల పోటీ తగ్గించడం. మీ పొలం లోపల, కొమ్మల అంచు పడే దూరంలో రెండడుగుల లోతు సన్న కందకం తీస్తే పంట నీళ్లు, ఎరువు చెట్టు లాక్కోవడం తగ్గుతుంది. కాండం దగ్గరగా తీస్తే గాలికి చెట్టు పడి మీ మీదకే వస్తుంది, జాగ్రత్త. మూడు, ఆ మూడు సాళ్ల జాగాలో పత్తి బదులు గినియా గడ్డి లాంటి పశుగ్రాసం వేయండి. నీటి వసతి ఉంటే పసుపు, అల్లం కూడా కాస్త నీడను తట్టుకుంటాయి.

ఇంకో లెక్క కూడా వేయండి. జూన్, జులైలో వేప పండ్లు రాలుతాయి. వాటిని ఏరి, కడిగి, నీడలో ఆరబెట్టి గింజ పప్పు తీసి పొడి చేసుకుంటే, ఎకరానికి వాడే 200 లీటర్ల నీటికి 10 కిలోల పొడితో 5 శాతం వేప గింజల కషాయం తయారవుతుంది. పత్తిలో తొలి దశ రసం పీల్చే పురుగులకు, గుడ్లు పెట్టే తల్లి పురుగులను దూరం పెట్టడానికి ఇది పనిచేస్తుంది. దుకాణంలో వేప నూనె మందు కొనే ఖర్చు తగ్గుతుంది. మూడు సాళ్లలో పోయేదాన్ని ఇది పూర్తిగా పూడ్చకపోవచ్చు. కానీ మే నెలలో మధ్యాహ్నం కలుపు తీసే, పత్తి కట్టె పీకే కూలీలు సద్దిమూట విప్పేది ఏ నీడలోనో కూడా ఆ లెక్కలోనే కలపాలి.

మన వైపు తప్పు కూడా ఒకటి చెప్పాలి. యాసంగి కోతల తర్వాత వరి కొయ్యకాళ్లకు, పత్తి కట్టెకు పెట్టే నిప్పు గట్టు దాటి రోడ్డు మొక్కలకు అంటుకుంటోంది. ట్యాంకర్‌తో రెండేళ్లు పెంచిన మొక్కలు ఒక్క సాయంత్రంలో పోతాయి. నేలలోని సేంద్రియ పదార్థం కూడా కాలిపోతుంది. నిప్పు పెట్టకుండా రోటవేటర్‌తో కలియదున్నండి. పంచాయతీని అడిగే నోరు మనకు ఉండాలంటే మన చేతిలో అగ్గిపెట్టె ఉండకూడదు.

వచ్చే గ్రామసభలో అడగండి

• మొక్కల రిజిస్టర్ చూపించండి. ఏ రోడ్డు మీద, ఏ ఏడాది, ఎన్ని నాటారు, ఈ మే నెలలో ఎన్ని బతికి ఉన్నాయి?
• పాత గుంతలో మళ్లీ నాటిన వాటిని వేరే గడిలో రాస్తారా?
• హరిత బడ్జెట్ 10 శాతం అంటే ఈ ఏడాది ఎంత? దేనికి ఖర్చయింది?
• ఏ రోడ్డు మొక్కలకు ఎవరు నీళ్లు పోస్తారు? ఆ మనిషి పేరు, ట్యాంకర్ వచ్చే వారం పంచాయతీ గోడ మీద రాయండి.
• ఈ ఏడాది ఊళ్లో కొట్టిన చెట్లు ఎన్ని? ఎవరి అనుమతితో? బదులు మొక్కలు ఎక్కడ?
• ఊళ్లో యాభై ఏళ్లు దాటిన చెట్ల జాబితా తీసి, అవి కొట్టాలంటే ముందు గ్రామసభలో చర్చించాలని తీర్మానం చేస్తారా?

సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద కాగితం మీద అడగండి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కొత్త సర్పంచ్‌ను ఇబ్బంది పెట్టడానికి కాదు ఇది. నీళ్లు పోసేవాడి జీతం, ట్యాంకర్ డీజిల్ కావాలని ఆయన పైవాళ్లను అడగాలన్నా ఊరి లెక్క ఆయన చేతిలో ఉండాలి.

ఆ పత్తి రైతుకు నేను చెప్పింది కూడా ఇదే. "కొట్టకు. ముందు పంచాయతీల దరఖాస్తు పెట్టి కింది కొమ్మలు తీయించుకో. అట్లనే మన ఊరి రోడ్డు మీద పోయినేడు నాటిన మొక్కలు ఎన్ని ఉన్నయో లెక్కపెట్టి గ్రామసభకు రా." ఆయన నవ్వి, "కొట్టుడు గురించి అడిగితె లెక్కపెట్టుమంటున్నరు సార్" అన్నాడు. వారం తర్వాత ఫోన్ చేసి చెప్పాడు: తన చేను నుంచి ఊరి దాకా గుంతలు అరవై రెండు, మొక్కలు పంతొమ్మిది.

వానలకు ఇంకా సమయం ఉంది. మీ రోడ్డు కూడా ఒకసారి నడిచి లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలు కాగితం మీద రాసుకుని గ్రామసభకు వెళ్లండి.